ఘంటసాల గారి గొంతు, మా ఇంటి ఆరు పెట్టెలు



ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దల్లో ఒకరి జీవితం గురించి రాసి పంపవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. నేను రచయితను కాను. ముప్పై అయిదేళ్ళు టెలిఫోన్స్ డిపార్టుమెంటులో పనిచేసి, లైను మీద మాట సరిగా వినపడుతోందా లేదా అని చూడటంతోనే సర్వీసంతా గడిపినవాణ్ణి. అందుచేత నాకు చేతనైనట్లు ఒక గొంతు గురించి రాస్తాను. అది మన కృష్ణా జిల్లాలో పుట్టిన పద్మశ్రీ ఘంటసాల వెంకటేశ్వరరావు గారి గొంతు. తెలిసిన కథే మళ్ళీ చెబుతున్నాడేమిటని అనుకోకండి. ఆయన జీవితం నాకు పోయిన చలికాలంలోనే సరిగా అర్థమైంది. అందుకు కారణం మా ఇంట్లోని ఒక యంత్రం.

మేముండేది భవానీపురం హౌసింగ్ బోర్డు కాలనీలో. ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణ ఒడ్డునే మా పేట. మా అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు ముందు గదిలో హోమ్ థియేటర్ అమర్చి వెళ్ళాడు. టీవీకి రెండు ప్రక్కలా రెండు పెట్టెలు, మధ్యలో ఒకటి, మనం కూర్చునే చోటికి వెనక గోడకు రెండు, మూలన నేల మీద పెద్దది ఒకటి. మొత్తం ఆరు. వాటన్నిటికీ శబ్దాన్ని పంచేది రిసీవర్ అనే పెట్టె. దాని రిమోట్ మీద సరౌండ్ అని ఒక మీట ఉంది. నొక్కినకొద్దీ హాల్, స్టేడియం, మూవీ, మ్యూజిక్, స్టీరియో అంటూ రకరకాల పేర్లు వస్తాయి.

ఘంటసాల గారి జయంతి డిసెంబరు 4. ఆ రోజున మన సంఘ మిత్రులు ఎనిమిది మందిని సతీసమేతంగా మా ఇంటికి పిలిచాను. ఉప్మా, కాఫీ అయ్యాక పాటలు పెట్టాం. మా మనవడు తనకు నచ్చిన హాల్ అనే సెట్టింగు పెట్టి ఆటకు పోయాడు. గది దద్దరిల్లిపోయింది. పిల్లలకు బ్రహ్మాండంగా ఉంది గానీ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. మా పాత సూపర్‌వైజరు గారికి ఎనభై రెండేళ్ళు, చెవికి మిషను పెట్టుకుంటారు. ఆయన పది నిమిషాలు ఓపిక పట్టి, ఇది ఘంటసాల గారు పాడిందేనా, ఎవరైనా ఆయనలా పాడిందా అని నెమ్మదిగా అడిగారు. నాకు తల కొట్టేసినట్లయింది.

అంతకన్నా బాధ కలిగించింది మా ఆవిడ సంగతి. ఆమెకూ రెండేళ్ళుగా చెవి మిషను ఉంది. ఆ రోజు పాటలు వస్తున్నంతసేపూ వంటింట్లోనే ఉండిపోయింది. రాత్రి అడిగితే, ఒక్క మాట తెలియకుండా అందరి మధ్యా కూర్చుని తల ఊపడం తనవల్ల కాదని చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఘంటసాల గారి పద్యాలు రేడియోలో వస్తే అన్నం వడ్డిస్తూ గరిటె చేతిలో పట్టుకుని నిలబడిపోయిన మనిషి. ఇక తన చెవుల పని అయిపోయిందని ఆమె అనుకుంటోంది. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను.

ఆయన వర్ధంతి ఫిబ్రవరి 11. అప్పటికి మళ్ళీ అందర్నీ పిలుస్తానని మాట ఇచ్చాను. మధ్యలో రెండు నెలలు. ఒక నోటుపుస్తకం తీసి, ఒక్కో సెట్టింగునూ పరీక్షించడం మొదలుపెట్టాను. పరీక్ష పద్ధతి మన డిపార్టుమెంటుదే. ఈ చివర ఒకరు కొన్ని మాటలు చదవాలి, ఆ చివర ఒకరు విన్నది రాయాలి. శబ్దం ఎంత గట్టిగా ఉందన్నది లెక్క కాదు, మాట తెలిసిందా లేదా అన్నదే లెక్క. చదివే చోట ఘంటసాల గారిని పెట్టాను, రాసే చోట మా ఆవిడను కూర్చోబెట్టాను. పగలు ఈ పరీక్ష, రాత్రి ఆయన జీవితం చదవడం. రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని నాకు నెమ్మదిగా తెలిసింది.

చౌటపల్లి నుంచి విజయనగరం

గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న సూరయ్య, రత్తమ్మ దంపతులకు ఆయన జన్మించారు. తండ్రి మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు. కొడుకును భుజాన ఎక్కించుకుని ప్రక్క ఊళ్ళ భజనలకు వెళ్ళేవారట. ఆ పాటలకు పిల్లవాడు ఆడుతుంటే చూసి జనం బాలభరతుడని మురిసిపోయేవారట. పిల్లవాడికి పదకొండో ఏట తండ్రి పోయారు. గొప్ప సంగీత విద్వాంసుడివి కావాలన్నది కొడుకు దగ్గర ఆయన కోరిన చివరి కోరిక. ఆ తర్వాత మేనమామ ర్యాలి పిచ్చయ్య గారు కుటుంబానికి అండగా నిలిచారు.

తండ్రి కోరిక తీర్చడం సులువు కాలేదు. సంగీతం వచ్చినవారి ఇళ్ళలో బట్టలు ఉతికి, వంట చేసి రెండేళ్ళు గడిపినా పెద్దగా విద్య అబ్బలేదు. విజయనగరంలో సంగీత కళాశాల ఉందని తెలిసి, వేలి ఉంగరం అమ్ముకుని బయలుదేరారు. నలభై రూపాయలు చేసే ఉంగరానికి చేతికి వచ్చింది ఎనిమిది రూపాయలు. తీరా వెళితే వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. అప్పటి ప్రిన్సిపాల్, ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు దయతలచి కళాశాల ఆవరణలో ఉండనిచ్చారు. రోజుకొక ఇంట వారాలు చేసుకుని తినేవారు. తోటి విద్యార్థులు చేసిన తప్పు తన మీద పడి ఆ నీడా పోయింది, వారాలూ పోయాయి. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నారు.

అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ కుర్రవాణ్ణి చూసి, తన ఇంట ఉచితంగా పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. శాస్త్రి గారూ పేదవారే. అందువల్ల శిష్యుడు జోలె భుజాన వేసుకుని వీధివీధి తిరిగి మధుకరం చేసి, రెండు పూటలకు సరిపడే అన్నం తెచ్చుకునేవాడు. మిగిలిన అన్నం గుడ్డలో మూటకడితే చీమలు పట్టేవట.  తర్వాత కళాశాలలో చేరి, నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో ముగించారు.

ఈ ఘట్టం చదివిన మర్నాడే హాల్, స్టేడియం సెట్టింగులను పరీక్షించాను. ఇవి చేసే పని ఏమిటంటే, పాటకు ప్రతిధ్వనిని కల్పించి అన్ని పెట్టెల్లోంచీ పంపడం. పెద్ద మంటపంలో పాడితే గోడలకు తగిలి తిరిగి వచ్చే శబ్దాన్ని లెక్కకట్టి తయారుచేస్తుందన్నమాట. ముందు మాట చెవిలో ఉండగానే దాని ప్రతిధ్వని వచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. వయసు చెవికి గానీ, మిషను పెట్టిన చెవికి గానీ ఆ రెంటినీ విడదీయడం కష్టం. మా ఆవిడ కాగితం మీద సగం మాటలు కూడా లేవు. ఇంటింటి ముందు నిలబడి, లోపలి ఇల్లాలికి వినపడేలా పిలిచి అన్నం తెచ్చుకున్న గొంతు అది. ఆ గొంతుకు నేను కట్టిపెట్టిన గోడలివి.

జైలు, పెళ్ళి, పానగల్ పార్కు

చదువు ముగించి సొంత ఊరికి వచ్చి పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో పాడుతూ, పిల్లలకు పాఠాలు చెబుతూ ఉండగా 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. అందులో పాల్గొని అరెస్టయి బళ్ళారి దగ్గరి అలీపురం జైలులో ఏడాదికి పైగా శిక్ష అనుభవించారు. విడుదలయ్యాక 1944 మార్చి 4న సావిత్రి గారిని వివాహమాడారు. ఆ సాయంత్రం తన పెళ్ళికి తానే కచేరీ చేశారంటారు.

సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య గారితో పరిచయమై, ఆయన సలహా మీద కొంత అప్పు చేసి మద్రాసు వెళ్ళారు. సముద్రాల వారి ఇల్లు చిన్నది. వారికి ఇబ్బంది కలిగించడం ఇష్టంలేక పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలిచ్చి రాత్రిళ్ళు అక్కడే పడుకునేవారు. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడం. చిన్న వేషాలు వేశారు, బృందగానాల్లో గొంతు కలిపారు, మద్రాసు రేడియోలో పాడారు. 1945లో వచ్చిన స్వర్గసీమ చిత్రంలో భానుమతి గారితో కలిసి పాడటంతో నేపథ్యగాయకులయ్యారు. దానికి అందిన పారితోషికం 116 రూపాయలు.

అప్పట్లో పాట రికార్డు చేసే తీరు ఇప్పటివారు ఊహించలేరు. మైకులు ఒకటో రెండో. గాయకుడు దగ్గరగా నిలబడితే, వాద్యాలు తమ తమ బలాన్ని బట్టి దూరం దూరంగా కూర్చునేవి. గాయకుడు, వాద్యబృందం కలిసి పాట మొత్తం ఒక్క ఊపులో ముగించాలి. ఎక్కడైనా ఒకరు తప్పితే అందరూ మళ్ళీ మొదటినుంచి. గ్రామఫోను రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక ప్రక్కన మూడు నిమిషాల పైచిలుకు పాటే పట్టేది. పద్యమైనా, పాటైనా, ఏడుపైనా, నవ్వైనా ఆ మూడు నిమిషాల్లోనే పలికించాలి.

శబ్దాన్ని కుడి ఎడమలుగా విడదీసి పట్టే స్టీరియో పద్ధతికి ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లీన్ అనే ఇంజనీరు 1931లోనే పేటెంటు కోరాడు. అప్పటికి చౌటపల్లి పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. అయినా స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చేసరికి 1950ల చివరి రోజులయ్యాయి. ఘంటసాల గారి గొప్ప సినిమా పాటలన్నీ ఒకే దారిన వచ్చే మోనో శబ్దంలోనివే. కుడి లేదు, ఎడమ లేదు, ముందు వెనకలు లేవు.

వైరు తెగిందనుకున్న రోజు

మూడో పరీక్షకు డాల్బీ ప్రొలాజిక్ అనే సెట్టింగు పెట్టాను. పాట మధ్య పెట్టెలోంచి మాత్రమే వచ్చింది. ప్రక్క పెట్టెలు రెండూ మూగ, వెనక పెట్టెలు రెండూ మూగ. వైర్లు ఎలుకలు కొరికాయనుకున్నాను. మల్టీమీటరు తీసి నాలుగు వైర్లూ చూశాను. అన్నీ బాగున్నాయి. మెకానిక్కును పిలిపిస్తే అతనూ చూసి, తప్పేమీ లేదని చెప్పి వచ్చిన ఖర్చు తీసుకుని వెళ్ళాడు.

తర్వాత యంత్రంతో వచ్చిన పుస్తకం చదివితే సంగతి తెలిసింది. ఈ పద్ధతి కుడి, ఎడమ దారుల్లో వచ్చే శబ్దాలను పోల్చి చూస్తుంది. రెంటిలోనూ సమానంగా ఉన్నదాన్ని మధ్య పెట్టెకు పంపుతుంది. రెంటికీ తేడాగా ఉన్నదాన్ని వెనక పెట్టెలకు పంపుతుంది. మోనో పాటలో రెండు దారులూ ఒకటే, తేడా అన్నదే లేదు. కనుక పాటంతా మధ్యకే వస్తుంది. యంత్రం చెడిపోలేదు, సరిగ్గానే పనిచేస్తోంది.

ఇదొక మంచి పరీక్షగా ఉపయోగపడింది. బజారులో కొన్న ఒక సీడీ పెడితే అవే పాటలకు వెనక పెట్టెల్లోంచి కూడా గొంతు వచ్చింది. అసలు పాట మోనో అయినప్పుడు వెనక గొంతు ఎక్కడిది? కొత్తగా వినిపించాలని మధ్యలో ఎవరో ప్రతిధ్వని కలిపారన్నమాట. ఆ సీడీని ప్రక్కన పెట్టేశాను. మా బావమరిది దగ్గర ఘంటసాల గారి పద్యాల పాత గ్రామఫోను రికార్డు ఉంది. దాన్ని ఒక కుర్రవాడు స్టీరియో ముల్లుతో కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. అది పెడితే ఇంకో వింత. మధ్య పెట్టెలో పద్యం. వెనక పెట్టెల్లో చిటపటలు. రికార్డు గాడిలోని దుమ్ము, గీతల శబ్దం రెండు దారుల్లో ఒకేలా ఉండదు కనుక చాలావరకు వెనక్కి పోయింది. గొంతు మాత్రం చెక్కుచెదరకుండా మధ్యలో నిలబడింది. వెనక పెట్టెల దగ్గర చెవిపెట్టి ఆ దుమ్మును వింటూ చాలాసేపు కూర్చున్నాను. డెబ్బై ఏళ్ళు ఆ రికార్డు ఎన్ని చేతులు మారి, ఎన్ని ఇళ్ళలో తిరిగిందో అనిపించింది.

ఇరవై ఏళ్ళ వైభవం

1949లో మనదేశం, కీలుగుఱ్ఱం చిత్రాలకు సంగీత దర్శకత్వం వహించారు. 1951లో వచ్చిన పాతాళభైరవి సంగీతంతో ఆయన పేరు ఇంటింటా మారుమోగింది. 1953లో దేవదాసు. సి.ఆర్. సుబ్బరామన్ గారు కట్టిన బాణీలకు తాగుబోతు దుఃఖాన్ని, ఆత్మాభిమానాన్ని కలిపి పలికించారు. 1957లో మాయాబజార్. అందులో కొన్ని పాటలకు సాలూరి రాజేశ్వరరావు గారు బాణీలు కట్టి తప్పుకోగా, మిగతా సంగీతమంతా సమకూర్చి రికార్డు చేయించినవారు ఘంటసాల గారు. 1960లో శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యంలో తెర మీద కూడా కనిపించి పాడారు. 1961లో జగదేకవీరుని కథలో పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీతంలో చెరసాలలో పాడే పాట గుర్తుండే ఉంటుంది. తెర మీద రామారావు గారు పలు రూపాలై చుట్టూ కూర్చుని తలొక వాద్యం వాయిస్తారు. చూడటానికి అది సరౌండే. వినటానికి మాత్రం గొంతూ వాద్యాలూ అన్నీ ఒకే దారిన వచ్చినవి. 1963లో లవకుశ సంగీతం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

రామారావు గారికి ఒక తీరు, నాగేశ్వరరావు గారికి ఒక తీరు. కళ్ళు మూసుకుని విన్నా తెర మీద ఎవరున్నారో తెలిసిపోయేలా గొంతు మార్చేవారు. పద్యాన్ని కూడా ఆయన మార్చారు. నాటకాల్లో రాగం తీసి తీసి పద్యం అర్థాన్ని ముంచేసే రోజుల్లో, మాటను ముందు నిలబెట్టి రాగాన్ని దాని వెనక నడిపించారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం పద్యాలు చదువురాని వారి నోట కూడా నిలిచాయంటే కారణం ఇదే. నా పరీక్షలో తేలింది కూడా అదే. ఆయన మాట ముందుంటుంది. మనం మీట నొక్కి దాన్ని వెనక్కి తోస్తే తప్ప అది చెరగదు.

డబ్బు విషయంలో ఎదురుదెబ్బలు కూడా తిన్నారు. పరోపకారం, సొంతఊరు, భక్త రఘునాథ్ చిత్రాలు తీశారు గానీ అవి కలిసిరాలేదు. మళ్ళీ గొంతునే నమ్ముకున్నారు.

1970లో పద్మశ్రీ వచ్చింది. అదే సంవత్సరం హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయనకు రజతోత్సవం చేశారు. స్టేడియం నిండా జనం. మా రిమోట్ మీద స్టేడియం మీట చూసినప్పుడల్లా నాకు ఆ సభే గుర్తుకు వచ్చేది. అక్కడ జనం వెళ్ళింది స్టేడియం శబ్దం వినడానికి కాదు కదా. 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేసి అక్కడి తెలుగువారిని ఆనందపరచారు.

చివరి రోజులు

1969 నుంచే ఆరోగ్యం సరిగా ఉండేది కాదు. చక్కెర వ్యాధి ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. చాలా రోజులు చికిత్స జరిగింది. అలాంటి స్థితిలో కూడా 1973లో భక్త తుకారాం వంటి చిత్రాలకు పాడారు. భగవద్గీత శ్లోకాలను తాత్పర్యంతో రికార్డు చేసి ఇచ్చారు. అది జనానికి చేరింది ఆయన పోయిన తరువాతే. ఈనాటికీ మన ఊళ్ళ గుళ్ళలో, దురదృష్టవశాత్తూ మన అంతిమయాత్రల్లో కూడా వినపడేది ఆ గొంతే.

1974 ఫిబ్రవరి 11, సోమవారం. మద్రాసు ఆసుపత్రిలో కన్నుమూశారు. వయసు 51 సంవత్సరాలు. నేనప్పుడు ఉద్యోగంలో కొత్తగా చేరి ట్రంకు బోర్డు ఉన్న ఎక్స్చేంజిలో పనిచేస్తున్నాను. రేడియోలో వార్త వచ్చింది మొదలు బోర్డు మీద దీపాలు ఆరలేదు. నిజమేనా అని అడగడానికే జనం కాల్స్ బుక్ చేశారు. అవతలివారు అవునన్నాక రెండు వైపులా మాట ఉండేది కాదు. మూడు నిమిషాల కాల్‌కు డబ్బు కట్టి మౌనంగా ఉండిపోయిన వారిని ఆ రోజే చూశాను.

ఆయన పేరును విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు పెట్టారు. 2003లో తపాలా బిళ్ళ విడుదలైంది. 2010లో మాయాబజార్‌కు రంగులద్ది, శబ్దాన్ని డి.టి.ఎస్. పద్ధతికి మార్చి మళ్ళీ విడుదల చేశారు. శతజయంతి 2022లో గడిచింది.

ఈ ఫిబ్రవరి 11

పరీక్షలన్నీ అయ్యాక నా నోటుపుస్తకంలో మిగిలింది ఇంతే. ఇలాంటి యంత్రాలు ఇళ్ళలో ఉన్న సభ్యులకు పనికివస్తుందని రాస్తున్నాను.

పాత పాటలకు హాల్, స్టేడియం వంటివి వద్దు. అన్ని పెట్టెల్లోంచీ ఒకే పాట వచ్చే సెట్టింగూ వద్దు. ఒకే మాట అయిదు చోట్ల నుంచి కాస్త ముందూ వెనకా చెవికి చేరి మసకబారుతుంది. ప్రొలాజిక్ పెడితే గొంతు మధ్యకు వస్తుంది, అది మంచిది. అది లేని యంత్రాల్లో మామూలు స్టీరియో చాలు, రెండు పెట్టెలకూ సమానదూరంలో కూర్చోవాలి. నేల మీది పెద్ద పెట్టెను కట్టేయండి. ఆ పాటల్లో దానికి పనికివచ్చే శబ్దం తక్కువ, రికార్డు గురగురను మాత్రం పెద్దది చేస్తుంది. మధ్య పెట్టె మన చెవి ఎత్తులో ఉండాలి. మాది టీవీ కింద మోకాలి ఎత్తున ఉండేది. స్టూలు మీద పీట వేసి పైకెత్తాను. నైట్ అనే మీట ఉంటే రాత్రిళ్ళు వాడుకోవచ్చు, అది గట్టి శబ్దాన్ని తగ్గించి మెల్లని మాటను కాస్త పైకి తెస్తుంది.

ఈ మార్పులన్నీ చేశాక జనవరి ఆఖరున ఒక సాయంత్రం మా ఆవిడను మళ్ళీ కూర్చోబెట్టాను. ఒక పద్యం పూర్తయ్యేసరికి ఆమె కాగితం మీద రెండే మాటలు తప్పాయి. రెండో పద్యానికి రాయడం మానేసింది. ఏమైందని చూస్తే, కలం పక్కన పెట్టి వింటోంది. మూడో పద్యం, నాలుగో పద్యం కూడా పెట్టించుకుంది. ఆ రాత్రి భోజనానికి ఆలస్యమైంది. రెండేళ్ళు ఆమె చెవులదే లోపమనుకున్నాను. అందులో కొంత మా గదిది, కొంత నా చేతిలోని రిమోట్‌ది.

ఫిబ్రవరి 11న మిత్రులు మళ్ళీ వచ్చారు. సూపర్‌వైజరు గారిని మధ్య పెట్టెకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. మా మనవడు వచ్చి, తాతయ్యా, అయిదు పెట్టెలు ఊరికే ఉన్నాయేమిటని అడిగాడు. ఇవాళ వాటికి సెలవని చెప్పాను. పాట మొదలైన కాసేపటికి సూపర్‌వైజరు గారు కళ్ళు మూసుకున్నారు. వేలితో కుర్చీ చేతి మీద తాళం వేస్తున్నారు. ఒక పద్యం అయ్యాక మిత్రులొకరు అందులోని ఒక మాటను వేరుగా పలికితే, మా ఆవిడ అది కాదని సరిచేసింది. మళ్ళీ పెట్టి విన్నాం. ఆమె చెప్పిందే సరి.

జోలె పట్టి తిన్న పిల్లవాడు, పార్కులో పడుకున్న యువకుడు, ఒక్క మైకు ముందు నిలబడి తన జీవితమంతా ఒకే గొంతులో పెట్టి ఇచ్చి పోయారు. దాన్ని అలాగే వినడం మన వంతు. వచ్చే డిసెంబరు 4న మా ఇంట్లోనే మళ్ళీ కలుద్దాం. చెవి సరిగా వినపడటం లేదని ఇంట్లో కూర్చుండిపోయిన సభ్యులు ఎవరైనా ఉంటే వారిని తప్పక వెంట తీసుకురండి. ముందు వరుస కుర్చీలు వారికే.

ఇట్లు,
మీ సహసభ్యుడు,
భవానీపురం, విజయవాడ